ఆ చెట్లు ఎవరివమ్మా?

మొన్న శుక్రవారం దేవుడికి కొట్టడానికి కొబ్బరికాయ కొన్నాను. ఇదీ ఒక విశేషమేనా అని నవ్వుకునే వాళ్ళు నవ్వుకోవచ్చు గానీ, ఉద్దానంలో పుట్టిన నా ఈడు ఆడవాళ్ళెవరైనా ఈ మాట దగ్గర కాస్త ఆగుతారని నాకు తెలుసు. కవిటి అవతల తోటల నీడలో పుట్టి, పెళ్ళయి టెక్కలి వచ్చిన దాన్ని. ఇన్నేళ్ళ కాపురంలో కాయ కోసం అంగడి మెట్టెక్కి ఎరగను. కొబ్బరి దింపు జరిగినప్పుడల్లా పుట్టింటి తోటలోంచి నా చెట్ల కాయలు గోనెసంచిలో పలాస దాకా ఆటోలోనూ, అక్కణ్ణించి బస్సు మీదా వచ్చేవి. సంచి దించుతూ కండక్టరు, అమ్మా మీ పుట్టిల్లు వచ్చింది దించుకోండి అనేవాడు. ఈసారి సంచి రాలేదు. అంగడి అబ్బాయిని ఏ ఊరి కాయ నాయనా అని అడిగితే, లారీలో వచ్చిందండీ, ఏ ఊరిదో మనకేటి తెలుత్తాది అన్నాడు.

ఆ మధ్యాహ్నమే టీవీలో చెప్పారు, శాసనసభ న్యాయ కమిటీ తన పరిశీలన ముగించిందనీ, చెట్ల హక్కుల బిల్లు ఉన్నది ఉన్నట్టుగానే వచ్చే సమావేశాల్లో సభ ముందుకు వస్తుందనీ. తర్వాత వాతావరణం చెప్పారు. సముద్రంలో అల్పపీడనం ఉందట. నేను టీవీ కట్టేసి, కొన్న కాయను దేవుడి మూల పెట్టి, చాలాసేపు దాని వైపే చూస్తూ కూర్చున్నాను.

నేను బడికి వెళ్ళి చదివినదాన్ని కాను. మా తాతయ్య వీధి అరుగు మీద ఇసుక పోసి, నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించాడు. ఆ ఇసుకే నా బడి. ఆయన పుణ్యమా అని పురాణం చదువుకోగలుగుతున్నాను, నాలుగు మాటలు రాసుకోగలుగుతున్నాను. రోజూ దీపం పెట్టేటప్పుడు దేవుడి తర్వాత ఆయనకే దణ్ణం పెట్టుకుంటాను. అక్షరాలతో పాటు ఆయన దగ్గర నేర్చుకున్నది ఇంకొకటుంది, మా ఇళ్ళల్లో దాన్ని నీడ ఇవ్వడం అనేవారు.

ఆడపిల్ల అత్తవారింటికి వెళ్ళే రోజు తెల్లవారుతూనే ఇంటిల్లిపాదీ తోటలోకి వెళ్ళేవాళ్ళం. ఆ పిల్లకి ఇవ్వదలచిన కొబ్బరి చెట్ల మొదళ్ళకి పసుపు రాసి బొట్లు పెట్టేవారు. భూమి కొడుకులది, అందులో ఆ చెట్లు మాత్రం కూతురివి. కాగితం ఉండేది కాదు, సంతకం ఉండేది కాదు. మా అత్తకి, అంటే మా నాన్న చెల్లెలికి, నీడ ఇచ్చిన పొద్దు నాకు బాగా గుర్తు. నాకప్పటికి పాలపళ్ళు ఊడుతున్నాయి. అత్త కొత్త చీరలో చెట్టుకి వీపు ఆనించి నిలబడింది. తాతయ్య ఆ చెట్టు మీద చెయ్యి వేసి, ఈ చెట్టు ఎవరిదమ్మా అని అడిగాడు. అత్త కొంగు సర్దుకుని, తల వంచుకుని, మా అన్నయ్యది అంది. నాకు ఏడుపొచ్చింది. అంతమంది ఇస్తుంటే ఇదేమిటి, ఇలా కాదంటోంది అని. అంతలో మా నాన్న నీళ్ళకడవ తెచ్చి చెట్టు మొదట్లో పోసి, కాదు, మా చెల్లిది, చెట్టూ దానిదే, గొయ్యీ దానిదే అని, ఒక కాయ తెచ్చి అత్త ఒడిలో వేశాడు. అప్పుడు గానీ తాతయ్య చెట్టు మీది చెయ్యి తీయలేదు.

తర్వాత నేను తాతయ్యని సతాయించాను, నాది అని అత్తే చెప్పేస్తే పోయేది కదా అని. ఆయన నవ్వి, పుట్టింట్లో నిలబడి నాది అనడం ఆడపిల్లకి తగదు, దానిది అనకపోవడం మగపిల్లాడికి తగదు, ఆ రెండు మాటలూ కలిస్తేనే ఇచ్చినట్టు అన్నాడు. గొయ్యి సంగతి కూడా చెప్పాడు. మాది గాలివానల సీమ, ఏ చెట్టు ఎన్నాళ్ళుంటుందో ఎవరికి తెలుసు? పడిన చెట్టు గోతిలో మళ్ళీ మొక్క వేసుకునే హక్కు కూడా ఆడపిల్లదే. అసలు ఇచ్చేది గొయ్యే, చెట్టు దాని మీద కాపలా అనేవాడు.

నా వంతు వచ్చేసరికి తాతయ్య లేడు, నాన్నే అడిగాడు. బదులు చెప్పాల్సినవాడు మా తమ్ముడు, చిన్నవాడు. కడవ మొయ్యలేక సగం నీళ్ళు నా కొత్త చీర మీదే ఒలకబోసి, చెప్పాల్సిన మాట మరిచిపోయి, అందరూ నవ్వుతుంటే బిక్కమొహం వేసి, ఇదంతా మా అప్పదే, తోటంతా దానిదే అనేశాడు. మా వైపు అక్కని అప్ప అంటారు. ఓరి నీ ఇల్లు బంగారం గాను, తోటంతా ఇచ్చేత్తే రేపు నీ పెల్లానికి ఏటి పెడతావురా అని అత్త వాణ్ణి ఎత్తుకుని ముద్దులాడింది. తడిసిన ఆ చీర అలా కట్టుకునే నేను టెక్కలి వచ్చాను.

నాన్న పోయిన ఏడాది, తొలి దింపునాడు, తమ్ముడు ఎవరూ చెప్పకుండానే అత్తని తోటకి పిలిచి, ఆమె చెట్లకి నీళ్ళు పోసి, నాన్న చెప్పిన మాట తన నోటితో మళ్ళీ చెప్పాడు. అత్తకి పెనిమిటి పోయాడు, ఉన్న ఒక్క కొడుకూ మా ప్రాంతంలో ఎందరినో తీసుకుపోయిన ఆ కిడ్నీ జబ్బుతోనే పోయాడు. మా ఊరికే తిరిగొచ్చి, తోట అంచున తాటాకు పాకలో ఉంటూ, ఆ చెట్ల మీదే ఒక్కర్తీ బతికింది. ఎవరి ముందూ చెయ్యి చాచనివ్వలేదు ఆ భగవంతుడు.

ఇక ఆ పెద్ద తుపాను సంగతి. మర్నాడు వాన తెరిపి ఇవ్వగానే నేను వెళ్ళాను. తోటలో పడిన చెట్లన్నీ ఒకే దిక్కుకి తలలు పెట్టి పడుకుని ఉన్నాయి, ఎవరో పడుకోమని చెప్పినట్టు. ఎప్పుడూ ఆకుల సందుల్లోంచి ముక్కలుగా చూసిన ఆకాశం ఒక్కసారిగా అంత పెద్దదై నెత్తి మీదికి వస్తే భయమేసింది. ఎన్నడూ ఊళ్ళోకి అంతగా వినిపించని సముద్రం పక్కింట్లో ఉన్నట్టు వినిపించింది. అత్త తన గోతుల్లో ఒకదాని అంచున కూర్చుని ఉంది. గోతిలో నల్లటి నీళ్ళు నిలిచాయి. నన్ను చూసి, గోతులున్నాయి కదే కోడలా, మరేటి పరవానేదు అంది. వానలు రాగానే వాటిలో మొక్కలు పాతింది. ఉప్పుగాలికి అవి మెల్లగా, నడుమెత్తు దాకా వచ్చాయి. నా చెట్లు మాత్రం దేవుడి దయ వల్ల కొన్ని నిలిచాయి.

ఆ తర్వాత ఒక పండక్కి వెళ్ళినప్పుడు తమ్ముడి కాళ్ళు చూశాను. మా వైపు ఎవరి కాళ్ళు వాచినా ఎవరూ పైకి ఏమీ అనరు, చూపు మాత్రం ఒకసారి అక్కడికి పోయి తిరిగొస్తుంది. వాడు పంచె కిందికి లాక్కున్నాడు. కొన్నాళ్ళకే పలాస ఆసుపత్రికి రక్తం శుద్ధి చేయించుకోవడానికి తిరగడం మొదలైంది. నీళ్ళు కొలిచి తాగమన్నారు. సూది గుచ్చి గుచ్చి ముంజేయి మీద నరం తాడులా ఉబ్బింది. ఇంట్లో ఒక్కొక్కటీ అమ్ముడుపోతూ వచ్చింది. అయినా దింపు కాయలు నాకు పంపడం మానలేదు.

బిల్లు మాట అప్పుడే వచ్చింది. పుట్టింటి ఊళ్ళో ఆడవాళ్ళు ముసాయిదా తెప్పించి నా చేత చదివించుకున్నారు. అన్నీ మంచి మాటలే ఉన్నాయి అందులో. నోటిమాటతో ఇచ్చిన చెట్ల హక్కుని ఇకమీదట ప్రభుత్వం కూడా గుర్తిస్తుందట. అది చదివినప్పుడు అందరం సంతోషించాం. దాని కిందనే ఇంకో వాక్యం ఉంది, చెట్టు నిలిచి ఉన్నంత కాలమే ఆ హక్కు, చెట్టు పడిపోతే ఆ చోటు భూమి ఎవరి పేర ఉందో వారిదే అని. నేను చదవడం ఆపాను. అక్కడ కూర్చున్న వాళ్ళలో చాలామందికి ఉన్నవి గోతులూ, గోతుల్లో మొక్కలే.

న్యాయ కమిటీ టెక్కలి వచ్చి జనం మాట వింటుందనీ, కావాలంటే ఆ వాక్యం మార్చమని సభకి చెప్పగలదనీ తెలిసింది. అన్న నోటి మీదుగా నీడ పుచ్చుకుని, పడిన గోతిలో మొక్క వేసుకుని బతుకుతున్న పెద్దది అత్తే కాబట్టి, అందరి తరఫునా ఆమే చెప్పాలనుకున్నారు. ఆ రోజుల్లోనే నేను ఊరెళితే తోటలో మేకులు కనిపించాయి, వాటికి ఎర్రగుడ్డ పీలికలు కట్టి ఉన్నాయి. ఎవరో కారులో వచ్చి కొలిచి వెళ్ళారట. తోట మధ్యలో ఇంకెవరి హక్కూ లేకుండా ఒక్క ముక్కగా ఉంటేనే కొంటామన్నారట. ఈ సంగతి ఎదురింటి వదిన నాకు గొంతు తగ్గించి చెప్పింది. తమ్ముడు చెప్పలేదు. నేను అడగలేదు. అన్నం తింటున్నంతసేపూ వాడు నా కళ్ళలోకి చూడకుండా వడ్డించాడు.

కమిటీ కూర్చున్నది ఒక కల్యాణ మండపంలో. మా ఊరి ఆడవాళ్ళు పొద్దున్నే వ్యాను కట్టించుకుని వచ్చారు, తమ్ముడూ వాళ్ళతోనే వచ్చి రెండో వరసలో కూర్చున్నాడు. పెళ్ళివారి పూలదండలు ఇంకా వేలాడుతున్న వేదిక మీద, బల్ల వెనక పెద్దమనుషులు వరసగా కూర్చున్నారు. ఎదురింటి వదిన ఎక్కడున్నా ఊరుకోదు. అత్త చెవి దగ్గర చేరి మొదలుపెట్టింది.

"ఏటే సిన్నమ్మా, కమిటీ అంటే పెల్లిసూపులేటి? అలాగ వరసగా కూకోని మనల్నే సూత్తన్నారు."

అత్త నవ్వు ఆపుకుంటూ, నన్ను సేసుకుంటే ఆలకేటొస్తాది అంది.

"సారెకి గోతులున్నాయి కదేటి, అయ్యే అట్టుకెల్తారు."

మా వరస వరసంతా నోళ్ళకి కొంగులు అడ్డం పెట్టుకుంది. అదే ఆ రోజు మేం నవ్విన ఆఖరి నవ్వు.

ముందుగా వకీళ్ళు మాట్లాడారు, తర్వాత ఎవరో సంఘం వాళ్ళు. చివరికి మా ఊరి పేరు పిలిచారు. నేను అత్త చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. మధ్యలో కూర్చున్న అధ్యక్షుడు, నెరిసిన తలతో పెద్దాయన, ఆమెని చూసి లేచి నిలబడి, కుర్చీ వేయించి, కూర్చోండమ్మా అన్నారు. ఈనాటికీ ఆయనకి నేను మనసులో నమస్కారం చేసుకుంటాను. అత్తకి దారి పొడుగునా అందరూ నేర్పారు, ముందు మీ నాన్న ఇచ్చిన సంగతి చెప్పు, తర్వాత గొయ్యి సంగతి చెప్పు అని. ఆమె తడబడే మనిషి కాదు. నోరు తెరవబోతుండగా ఆయనే ముందుకి వంగి, చాలా మర్యాదగా అడిగారు.

"ఆ చెట్లు ఎవరివమ్మా?"

ఏ ఊరివాడో, ఎక్కడ పుట్టినవాడో, తాతయ్య అడిగిన మాటే అడిగాడు. నా చేతిలో అత్త చెయ్యి కదిలింది. ఆమె మొహం చూశాను. ముడతల వెనకనించి ఆ పొద్దుటి కొత్త చీర పిల్ల బయటికి వచ్చింది. కొంగు సర్దుకుంది. తల వంచుకుంది.

"మా అన్నయ్యవి బాబూ" అంది.

అని, తల ఎత్తకుండానే, మెల్లగా రెండో వరస వైపు తిరిగింది. అన్నయ్య పోయి ఏళ్ళయింది, అన్నయ్య నోరు ఇప్పుడు మా తమ్ముడిది. మా ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా అటు తిరిగారు. ఎవరూ సైగ చెయ్యలేదు, ఎవరూ దగ్గలేదు. ఆ బల్ల వెనక ఉన్నవాళ్ళకి ఆ నిశ్శబ్దం ముసలామె అలసటలా కనిపించి ఉంటుంది. మాకు మాత్రం కడవ ఎత్తిన చప్పుడు వినిపించాలి అప్పుడు. పైన పంకా తిరుగుతోంది. పూలదండ ఒకటి ఆ గాలికి ఊగుతోంది. తమ్ముడు తన ముంజేతి మీద ఉబ్బిన నరాన్ని రెండో చేత్తో మూసి పట్టుకుని దాన్నే చూస్తున్నాడు. వాడి పెదవులు ఒకసారి విడివడ్డాయి, నేను చూశాను. మళ్ళీ మూసుకున్నాయి.

అధ్యక్షుడు ఆమెకి కావలసినంత వ్యవధి ఇచ్చి, మంచిదమ్మా అన్నారు. పక్కనున్నాయన రాసుకున్నాడు. నేను ఉండబట్టలేక, అవి మా అత్తవి బాబూ అన్నాను. ఆమే వాళ్ళ అన్నయ్యవి అంటున్నారు కదమ్మా అని ఆయన ఆశ్చర్యపోయారు. మా ఇళ్ళల్లో ఆడపిల్ల అలాగే అంటుందనీ, ఇచ్చినవాళ్ళు కాదు దానిదే అంటారనీ, ఆ రెండూ కలిస్తేనే మాట పూర్తయినట్టనీ, నాకు చేతనైనట్టు చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నారు. విని, ఆ అనవలసినవారు ఈ సభలో ఉన్నారా అమ్మా అని అడిగారు.

ఉన్నాడు. పేరు పెట్టి పిలిస్తే లేచి నిలబడేంత దూరంలో ఉన్నాడు. అప్పుడు అత్త నా చెయ్యి గట్టిగా నొక్కింది, ఎముక తెలిసేలాగ. "కూకో కోడలా" అంది. పెద్దదాని మాట. కూర్చున్నాను.

సాయంత్రం బస్సు కాంప్లెక్సు దగ్గర వాళ్ళ వ్యాను బయలుదేరే దాకా ఉన్నాను. తమ్ముడు మాకు దూరంగా, ఒక స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. వాడి మీద నాకు కోపం రావాలి, వచ్చిందో లేదో కూడా చెప్పలేను. రేపు పొద్దున్నే వాడు మళ్ళీ పలాస వెళ్ళి ఆ మంచం మీద పడుకోవాలి. అత్త వాడి వైపు చూసి చూసి, నాతో అంది.

"ఆణ్ణేటీ అనుకోకే. నీల్లు తాగనివ్వరు కదా ఆణ్ణి. గొంతు ఎండిపోనాది, మాట రానేదు."

అని, తన సంచిలోంచి నీళ్ళసీసా తీసి, మూతలో కొద్దిగా వంచి, తీసుకెళ్ళి వాడికిచ్చింది. వాడు తాగాడు. ఆమె కొంగుతో మూతి తుడిచింది, చిన్నప్పుడు తుడిచినట్టే. వ్యాను వచ్చింది, ఎక్కారు, వెళ్ళిపోయారు.

బిల్లు ఇంకా చట్టం కాలేదు. కానీ ఎర్రగుడ్డ మేకులు ఇప్పుడు అత్త మొక్కల వరసలోకి వచ్చాయని విన్నాను. ఆమె రోజూ పొద్దున్న ఒక మొక్కకి ఒక చెంబు చొప్పున నీళ్ళు పోస్తూనే ఉందట, మేకు ఉన్నచోట మేకుని తప్పించి. నాకు సంచి రాలేదేమని తమ్ముణ్ణి నేను అడగలేదు. అడగడం మాకు తగదు. ఫోను మోగినప్పుడల్లా, వాడి ఆరోగ్యం గురించా, తోట గురించా అనుకుంటూ తీస్తాను.

ఆ కమిటీ వాళ్ళని నేను నిందించను. కూర్చోబెట్టి అడిగారు, చెప్పింది చెప్పినట్టు రాశారు, అంతకంటే ఎవరైనా ఏం చెయ్యగలరు? మా రోజుల్లో ఒకరు కాదన్నారంటే, అవుననడానికి ఇంకొకరు పక్కన కడవతో సిద్ధంగా ఉన్నారని అర్థం. ఆ నమ్మకం మీదే మేం అన్నీ కాదనుకుంటూ పెరిగాం, పెట్టింది వద్దనుకుంటూ, ఇచ్చింది మాది కాదనుకుంటూ, అందులోనే ఎంతో నిండుగా బతికాం. ఇప్పుడు ఎవరినైనా ఒక్కసారే అడుగుతున్నారు, మొదటి మాటే రాసుకుంటున్నారు. ఇకమీదట పుట్టే ఆడపిల్లలకి నాది అనడం నేర్పాలి కాబోలు. నేర్పుకోవాలి కూడా. నా వయసులో నాకు ఆ మాట నోరు తిరగదు.

ఆ శుక్రవారం సాయంత్రం దీపం పెట్టి కాయ కొట్టాను. బాగానే పగిలింది, నీళ్ళు తియ్యగా ఉన్నాయి, ఆ తండ్రి దయ. చిప్పలు రెండూ పీట మీద పెట్టి చెయ్యి తీయబోతుంటే, ఈ కాయ ఎవరిదమ్మా అని లోపల ఎక్కడో తాతయ్య అడిగినట్టయింది. మా తమ్ముడిది అన్నాను, పైకే. అని, దీపం ముందు కూర్చుని, కాసేపు విన్నాను.